అంధుల అక్షరదాత లూయీ బ్రెయిలీ

తెలుగువారి ఇండ్లలో బిడ్డకు అక్షరాభ్యాసం చేసే శుభముహూర్తాన పళ్లెంలో బియ్యం పోస్తారు. గురువు ఆ బిడ్డ చేయి పట్టుకొని, చూపుడువ్రేలితో ఆ బియ్యం మీద తొలి అక్షరాలను దిద్దిస్తాడు. ప్రత్తిచేలకూ మిరపతోటలకూ నెలవైన పర్చూరు పల్లెపట్టులలోనైనా, మహానగరాలలోనైనా ఈ ఆచారం ఒక్కటే. అక్షరంతో మానవుని తొలి పరిచయం కంటితో కాక వ్రేలితో జరగడం ఇందులోని విశేషం. అయితే ఆ పరిచయం ఆనాటితోనే ముగిసిపోతుంది. మరునాటినుండి పలక, నల్లబల్ల, వాచకం, పరీక్షపత్రం అన్నీ కంటి సొత్తు. చూపులేని బిడ్డ మాత్రం ఆ బియ్యపు పళ్లెం దగ్గరనే నిలిచిపోవలసి వస్తుంది.

అట్లా నిలిచిపోయిన అసంఖ్యాకులను చేయి పట్టుకొని ముందుకు నడిపించిన మహనీయుడు లూయీ బ్రెయిలీ. అతడు రాజు కాడు, పండిత పరిషత్తులలో పేరు మోసినవాడు కాడు. పల్లెటూరి తోలుపనివాని కుమారుడు. తానే అంధుడు. ఒకే విద్యాలయంలో మొదట విద్యార్థిగా, తరువాత ఉపాధ్యాయుడుగా జీవితమంతా గడిపి, 43 ఏండ్ల ప్రాయంలోనే తనువు చాలించినవాడు. అతడు లోకానికి ఇచ్చినది ఆరు చుక్కలు. ఆ ఆరు చుక్కల వెనుక ఒక గొప్ప సత్యం దాగి ఉన్నది. చదువుకొనేవాని అవసరమేమో తెలిసికొని చేసిన అక్షరమే వానికి అక్షరమవుతుంది. చేసి ఇచ్చేవాని కంటికి ఎంత అందంగా తోచినా, చదువరికి అందనిది అక్షరం కానేరదు.

ఫ్రాన్సు రాజధాని పారిస్‌కు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరాన కూప్వ్రే అనే గ్రామం ఉన్నది. 1809 జనవరి 4వ తేదీన ఆ గ్రామంలో సీమోన్ రెనే, మోనిక్ దంపతులకు నాలుగవ సంతానంగా లూయీ జన్మించాడు. తండ్రి గుర్రాలకు జీనులూ కళ్లెములూ కుట్టడంలో నేర్పరి. తండ్రి పనిచేసే చోటు పిల్లవానికి ఆటస్థలం కావడం సహజం. 1812లో, మూడేండ్ల ప్రాయంలో, తండ్రి చేసే పనిని తానూ చేయబోయి లూయీ తోలుపని చేసే వాడియైన పనిముట్టు నొకదానిని చేతికి తీసికొన్నాడు. అది జారి కంటిలో గ్రుచ్చుకొన్నది. పుండు చీము పట్టినది. అటువంటి పుండు వ్యాపించకుండా ఆపగల మందులు ఆ రోజులలో లేవు. ఒక కంటి జబ్బు రెండవ కంటికి ప్రాకినది. ఐదేండ్లు నిండేసరికి ఆ బాలునికి లోకమంతా చీకటి అయిపోయినది.

ఆ కాలంలో అంధుడై పుట్టినవానికి, మధ్యలో అంధుడైనవానికి, పేదయింటివాడైతే బిచ్చమెత్తుకోవడమే గతిగా ఉండేది. కాని లూయీ తలిదండ్రులు ఆ గతికి తలవంచలేదు. తండ్రి కొయ్యను చెక్కి కుమారునికి చేతికర్ర చేసి ఇచ్చాడు. ఆ కర్రతో నేలను తట్టుతూ పిల్లవాడు ఊరి దారులన్నీ నేర్చుకొన్నాడు. అంతేకాదు, తండ్రి ఒక చెక్కకు గుండ్రని తలలుగల మేకులను అక్షరాల ఆకారంలో కొట్టి, వాటిని తడవమని కుమారునికి ఇచ్చాడు. లూయీకి అక్షరాభ్యాసం ఆ మేకులమీదనే జరిగినది. గ్రామ మతగురువు పల్లుయీ ఆ బాలుని తెలివిని గుర్తించి తీరిక వేళలలో పాఠాలు చెప్పాడు. తరువాత ఊరి బడిపంతులు అతనిని ఇతర పిల్లలతోపాటు తరగతిలో కూర్చుండబెట్టుకొన్నాడు. విన్నదానిని విన్నట్లు జ్ఞప్తియందుంచుకొని, లూయీ తరగతిలో మొదటి వరుసకు వచ్చాడు. అయితే తోటిపిల్లలు పుస్తకం తెరచిన క్షణంలో అతడు మరల ఒంటరివాడు. చెవి ఎంత చురుకైనదైనా పుస్తకానికి బదులు కాలేదు. చెప్పేవాడు ఉన్నంతసేపే వినడం; చదవడానికైతే ఎవరూ ప్రక్కన ఉండనక్కరలేదు.

పల్లుయీ ప్రయత్నంవల్ల, ఆ ఊరి జమీందారు సహాయంవల్ల, 1819 ఫిబ్రవరి 15వ తేదీన, పదేండ్ల లూయీ పారిస్‌లోని రాజకీయ అంధబాలుర విద్యాలయంలో చేరాడు. ఆ విద్యాలయ చరిత్ర కూడా తెలుసుకోదగినదే. 1771లో పారిస్ సంతలో అంధులకు వేషాలు వేసి, పెద్ద కళ్లజోళ్లు తగిలించి, చేతికి వాద్యాలు ఇచ్చి, వారిచేత అపస్వరాలు పలికించి జనం నవ్వుకొంటుండగా వాలంతీన్ ఆయుయీ అనే విద్వాంసుడు చూచాడు. ఆ నవ్వు అతని హృదయాన్ని కలచివేసినది. 1784లో, బిచ్చమెత్తుకొనే అంధ యువకుడొకనిని తొలి శిష్యునిగా స్వీకరించి అతడు చదువు చెప్పనారంభించాడు. లోకంలో అంధులకై ఏర్పడిన మొదటి పాఠశాల ఆ విధంగా వెలసినది.

ఆయుయీ మరొక మహత్కార్యం కూడా చేశాడు. తడిసిన దళసరి కాగితంపై పెద్ద పెద్ద అచ్చు అక్షరాలను గట్టిగా అదిమి, అవి కాగితంపై ఉబ్బెత్తుగా లేచేటట్లు పుస్తకాలు తయారు చేయించాడు. అంధులు వ్రేలితో తడిమి చదువగల తొలి గ్రంథాలు అవే. ఆయుయీ మనస్సు నిర్మలమైనది. కాని ఆ పుస్తకాలలో ఒక లోపం ఉన్నది. అవి కంటికోసం పుట్టిన అక్షరాలను వ్రేలికి అప్పగించిన పుస్తకాలు. కన్ను ఒక్క చూపులో అక్షరంలోని వంపులన్నిటిని గ్రహిస్తుంది. వ్రేలు ఆ వంపులవెంట ఒక్కొక్కటే ప్రయాణం చేయాలి. పంక్తి చివరకు వచ్చేసరికి మొదట చదివినది మరపునకు వస్తుంది. పుస్తకాలా, ఎత్తడానికే కష్టమైనంత బరువు, ఖర్చు విపరీతం, విద్యాలయం మొత్తానికి ఉన్నవి వ్రేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. అన్నిటికంటె పెద్ద కొరత మరొకటి. ఆ పద్ధతిలో అంధుడు ఎట్లాగో చదువవచ్చును గాని, తనంత తాను వ్రాయలేడు. ఇతరుల మాట తనకు అందవచ్చును. తన మాట ఇతరులకు అందదు. చదవడం మాత్రమే తెలిసి వ్రాయడం తెలియనివాని విద్య సగపు విద్యయే గదా!

లూయీ ఆ పుస్తకాలన్నీ చదివాడు. వాటిలోని లోపాన్ని తన వ్రేలికొనలతో గ్రహించాడు. 1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తాను కనిపెట్టిన ఒక క్రొత్త వ్రాతను ఆ విద్యాలయానికి తెచ్చాడు. అందులో గీతలు లేవు, వంపులు లేవు. కాగితంపై పొడిచిన చుక్కలు మాత్రమే ఉన్నవి. నిలువుగా రెండు వరుసలు. వరుసకు ఆరు చొప్పున మొత్తం పన్నెండు చుక్కలు. భాషలోని ధ్వనులను ఆరేసి చొప్పున ఆరు పంక్తులుగా ఒక పట్టికలో అమర్చి, ఎడమవైపు చుక్కలు పంక్తి సంఖ్యను, కుడివైపు చుక్కలు ఆ పంక్తిలోని స్థానాన్ని తెలియజేసేటట్లు అతడు ఏర్పాటు చేశాడు. ఒక చిన్న పలకా, ఒక మొనా ఉంటే ఎవరైనా ఈ వ్రాతను వ్రాయవచ్చు.

విద్యార్థులలో ఉత్సాహం పొంగినది. గీతకంటె చుక్క వ్రేలికి సన్నిహితమని పన్నెండేండ్ల లూయీకి వెంటనే బోధపడినది. దానితోపాటే ఆ పద్ధతిలోని కొరతలూ బోధపడినవి. పన్నెండు చుక్కల గుర్తు వ్రేలికొనకంటె పొడవైనది. దానిని తెలిసికోవడానికి వ్రేలు క్రిందికీ మీదికీ కదలాలి. ధ్వనులకే గుర్తులు గాని వర్ణక్రమానికి చోటు లేదు. విరామచిహ్నాలు లేవు, అంకెలు లేవు, సంగీత స్వరాలు లేవు. అట్టి లిపితో సంభాషణను కుదించి వ్రాసికొనవచ్చునేమో గాని, వ్యాకరణమూ గణితమూ చదువుకోవడం అసాధ్యం. అంధునికి ఏదో కొంత అందితే చాలునని లూయీ అనుకోలేదు. చూపుగలవానికి అందేదంతా అంధునికీ అందవలెనని అతని పట్టుదల.

ఆ పట్టుదలతో అతడు సుమారు మూడు సంవత్సరాలు శ్రమించాడు. పగలు తరగతులు; రాత్రులు అందరూ నిద్రించిన తరువాత మొన, కాగితం. సెలవులకు కూప్వ్రే వెళ్లినా అదే పని. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయంలో, అతడు తన లిపికి రూపం కల్పించాడు. అందులోని కీలకం అతి సులభం. పన్నెండు చుక్కలను ఆరుకు తగ్గించాడు. నిలువుగా మూడేసి చొప్పున రెండు వరుసలు. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి ఒకటి, రెండు, మూడు. కుడి వరుసలో నాలుగు, అయిదు, ఆరు. ఈ ఆరు చుక్కల గడి మొత్తం వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇముడుతుంది. వ్రేలు పైకీ క్రిందికీ పోనక్కరలేదు. పంక్తి వెంబడి ముందుకు జారితే చాలు.

ఆరు చుక్కలతో ఎన్ని అక్షరాలు ఏర్పడగలవని విద్యార్థులు ఆలోచించి చూడవచ్చు. ప్రతి చుక్క ఉండవచ్చు, లేకపోవచ్చు. రెంటిని ఆరుసార్లు గుణిస్తే 64. ఒక్క చుక్కయినా లేని గడి మాటల నడుమ ఖాళీకి పోగా 63 గుర్తులు మిగులుతాయి. ఆ గుర్తులను లూయీ ఒక క్రమంలో కూర్చాడు. మొదటి పది అక్షరాలకు పైనున్న నాలుగు చుక్కలు మాత్రమే. తరువాతి పదింటికి వాటికే మూడవ చుక్క చేర్చడం. అటుపై వచ్చేవాటికి మూడవ చుక్క, ఆరవ చుక్క రెండూ చేర్చడం. కనుక మొదటి పదీ వచ్చినవానికి మిగిలినవి తమంత తామే వస్తాయి. అంకెలకు వేరే గుర్తులు వెతకనక్కరలేదు. ముందు ఒక సంఖ్యాచిహ్నం ఉంచితే ఆ మొదటి పది అక్షరాలే అంకెలవుతాయి. ఇదే ఆరు చుక్కలతో సంగీతాన్ని కూడా వ్రాసే మార్గాన్ని అతడు ఏర్పరచాడు.

1828లో లూయీ ఆ విద్యాలయంలోనే సహాయోపాధ్యాయుడు, 1833లో పూర్తి ఉపాధ్యాయుడు అయినాడు. 1829లో తన పద్ధతిని వివరించే గ్రంథాన్ని వెలువరించాడు. దాని ముందుమాటలో బార్బియే పద్ధతివల్లనే తనకు ఈ ఆలోచన కలిగినదని కృతజ్ఞతతో చెప్పుకొన్నాడు. విచిత్రమేమంటే చుక్కల లిపిని పరిచయం చేసిన ఆ గ్రంథం ఆయుయీనాటి ఉబ్బెత్తు అక్షరాలలోనే అచ్చయినది. తొలి ప్రతిపాదనలో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడా కొన్ని ఉండేవి. గీతలు వ్యవహారంలో ఇబ్బంది కలిగించుటచేత, 1837 నాటి రెండవ కూర్పులో వాటిని తొలగించి లిపిని సంస్కరించాడు. తాను చేసినదే అయినా చదువరికి అనుకూలం కానిది మార్చడానికి అతడు వెనుదీయలేదు. ఆ 1837లోనే ఫ్రాన్సు దేశచరిత్ర సంగ్రహం మూడు సంపుటాలుగా విద్యాలయంలో చుక్కల లిపిలో అచ్చయినది.

ఉపాధ్యాయుడుగా లూయీ వ్యాకరణం, చరిత్ర, భూగోళం, గణితం, సంగీతం బోధించాడు. కోపం ఎరుగనివాడనీ, మాట పొదుపైనవాడనీ, శిష్యులకు తండ్రివంటివాడనీ పేరు తెచ్చుకొన్నాడు. ఆర్గన్ వాద్యంలో ప్రవీణుడై పారిస్ దేవాలయాలలో వాయించేవాడు. వేతనం స్వల్పం, ఖర్చులు తనకోసం కంటె శిష్యులకోసమే ఎక్కువ.

చుక్కల లిపితో అంధులు పరస్పరం వ్రాసికొనవచ్చు. మరి చూపుగల తల్లికి, తండ్రికి, స్నేహితునికి ఉత్తరం వ్రాయడం ఎట్లా? ఈ ప్రశ్న లూయీని విడువలేదు. 1839లో అతడు మరొక పద్ధతిని ప్రకటించాడు. అందులో చుక్కలను కూర్చి మామూలు అక్షరాల ఆకారాన్నే గీయవచ్చు. అంధుడు వ్రాస్తాడు, చూపుగలవాడు కంటితో చదువుతాడు. ఫూకో అనే అంధ యంత్రనిపుణుడు లూయీతో కలిసి ఆ వ్రాతకై ఒక యంత్రాన్ని నిర్మించాడు. టైపుయంత్రాలు ఇంకా బజారుకు రాని రోజులవి. రెండు లోకాల నడుమ వంతెన రెండువైపులనుండీ కట్టవలెనని లూయీ ఎరుగును.

ఇంతటి ఉపకారం చేసిన లిపికి గౌరవం వెంటనే లభించలేదు. 1840లో విద్యాలయాధికారిగా వచ్చిన ద్యుఫో ఆ చుక్కలను నిషేధించాడు. పాత పుస్తకాలు కాల్చివేయించి, క్రొత్తరకం ఉబ్బెత్తు అక్షరాలను ప్రవేశపెట్టాడు. అతనిని దుష్టునిగా భావించనక్కరలేదు. అంధులకు వేరు లిపి ఏర్పడితే వారు సంఘంనుండి వేరై పోతారనే భయం ఆ రోజులలో పెద్దలు పలువురికి ఉండేది. చూపుగల ఉపాధ్యాయులు క్రొత్త లిపి నేర్చుకోవలసి వస్తుందనే జంకు కూడా తక్కువది కాదు. కాని ఆ పెద్దలు ఒక్క సంగతి మరచారు. ఆ లిపితో చదువవలసినవారిని వారు అడుగలేదు.

నిషేధం కాగితంమీద నిలిచినది, వ్రేళ్లమీద నిలువలేదు. విద్యార్థులు రహస్యంగా చుక్కలలోనే వ్రాసికొన్నారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పారు. పాఠాలు వ్రాసికోవడానికి, ఉత్తరాలు వ్రాసికోవడానికి దానికి సాటి వేరొకటి లేదని అనుభవంవల్ల తెలిసినవారు దానిని ఎట్లా విడిచిపెట్టగలరు? ఉపాధికారి గువాదే ఈ సంగతిని గమనించి, ద్యుఫో మనస్సును మార్చాడు. 1844 ఫిబ్రవరి 22వ తేదీన విద్యాలయం క్రొత్త భవనంలో ప్రారంభోత్సవం జరిగినప్పుడు నిండుసభలో గువాదే ఆ లిపి గొప్పతనాన్ని వివరించాడు. సభలో ఒక పద్యాన్ని చెప్పగా ఒక విద్యార్థి చుక్కలలో వ్రాశాడు; ఆ సమయంలో సభలో లేని మరొక విద్యార్థిని పిలిపించగా, ఆ కాగితాన్ని తడిమి తప్పు లేకుండా చదివి వినిపించాడు. సభ హర్షించినది.

అప్పటికే లూయీని క్షయవ్యాధి పట్టుకొని సుమారు పదేండ్లు కావచ్చినది. తేమతో నిండిన పాత భవనంలో చిన్ననాటినుండి గడిపిన జీవితం అతని ఆరోగ్యాన్ని హరించినది. 1852 జనవరి 6వ తేదీన, 43 ఏండ్లు నిండిన రెండవనాడు, అతడు పరమపదించాడు. అతని వస్తువులలో ఒక చిన్న పెట్టె ఉన్నది. దానిని తెరవకుండా కాల్చివేయవలెనని అతని కోరిక. తెరచి చూడగా అందులో బంగారం లేదు, రహస్యాలు లేవు. శిష్యులు అతనివద్ద అప్పుగా తీసికొన్న సొమ్ముకు వ్రాసి ఇచ్చిన పత్రాలు మాత్రం ఉన్నవి. అతని కోరిక ప్రకారమే అవి అగ్నికి ఆహుతి అయినవి.

మరణించిన రెండేండ్లకు, 1854లో, అతని విద్యాలయం చుక్కల లిపిని అధికారికంగా స్వీకరించినది. 1868లో లండన్ నగరంలో, చూపు మందగించి వైద్యవృత్తి మానుకొన్న టామస్ ఆర్మిటేజ్, అంధులకు తగిన లిపి ఏదో తేల్చడానికై ఒక సంఘాన్ని ఏర్పరచాడు. అందులోని సభ్యులందరూ చూపులేనివారే కావలెనని, కనీసం మూడు లిపులు వ్రేలితో చదువ నేర్చినవారై ఉండవలెనని నియమం. వారు రెండేండ్లపాటు పరీక్షించి బ్రెయిలీ లిపిని ఎన్నుకొన్నారు. పారిస్‌లో పెద్దలు చేయని పని లండన్‌లో జరిగినది, చదువవలసినవారినే అడిగారు. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ కూడా ఈ లిపికే అగ్రస్థానం ఇచ్చినది. 1952లో, శతవర్ధంతి సందర్భంగా, లూయీ భౌతికావశేషాలను కూప్వ్రేనుండి పారిస్‌కు తెచ్చి, ఆ దేశపు మహాపురుషులు విశ్రమించే పాంథియోన్‌లో ఉంచారు. ఆ ఉత్సవానికి చూపూ వినికిడీ రెండూ లేని విదుషీమణి హెలెన్ కెల్లర్ అమెరికానుండి విచ్చేసినది. లూయీ చేతులను మాత్రం స్వగ్రామంలోనే భద్రపరచారు.

భారతదేశంలో అంధుల పాఠశాలలు 19వ శతాబ్ది చివర 1887లో అమృతసర్‌తో మొదలైనవి. కాని ఒక్కొక్కచోట ఒక్కొక్క చుక్కల లిపి ఉండేది. ఒక పాఠశాల పుస్తకం మరొక పాఠశాలకు పనికివచ్చేది కాదు. స్వతంత్ర భారత ప్రభుత్వం 1949లో యునెస్కో సహాయం కోరినది. 1951లో బేరూత్ నగరంలో జరిగిన సమావేశంలో ఒప్పుదల కుదిరి, భారతీయ భాషలన్నిటికీ ఒకే విధమైన భారతి బ్రెయిలీ రూపొందినది. అదే ఏట డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం నెలకొన్నది. లూయీ ద్విశతజయంతి సందర్భంగా 2009లో భారత ప్రభుత్వం అతని రూపంతో రెండు రూపాయల నాణెం విడుదల చేసినది.

భారతి బ్రెయిలీలో ధ్వని ఒకటైతే గుర్తూ ఒకటే. తెలుగు కకారం, హిందీ కకారం, బెంగాలీ కకారం కంటికి వేరు వేరు, వ్రేలికి ఒక్కటే. అచ్చుకు ఒక గుర్తు, గుణింతానికి మరొక గుర్తు లేదు. హల్లు తరువాత అచ్చును వ్రాస్తే అదే గుణింతం. ఉదాహరణకు పర్చూరు అనే మాటను తీసికొందాం. అచ్చుపుస్తకంలో రేఫ క్రింద చకారపు వత్తు చేరుతుంది, దీర్ఘం ప్రక్కన వ్రేలాడుతుంది. బ్రెయిలీలో వత్తులూ కొమ్ములూ లేవు. మొదట పకారం, తరువాత పొల్లును తెలిపే ఒంటి చుక్క, ఆపైన రకారం, చకారం, ఊకారం, మరల రకారం, ఉకారం. ఏడు గడులు, 22 చుక్కలు. అవి ఒకదాని ప్రక్క ఒకటి వరుసగా నిలుస్తాయి. పర్చూరు బడిలో చూపులేని బాలిక ఒకతె ఉంటే, తన ఊరి పేరును తన వ్రేలితో తానే చదువుకోగలదు. తన మొనతో తానే వ్రాయగలదు. వ్రాసేటప్పుడు కాగితాన్ని వెనుకవైపునుండి, కుడినుండి ఎడమకు పొడవాలి. త్రిప్పితే చుక్కలు ఎడమనుండి కుడికి ఉబ్బెత్తుగా లేచి చదువుకు సిద్ధమవుతాయి. ఒకనాడు లూయీ కన్ను పోగొట్టినది పనిపాకలోని వాడి పనిముట్టే; చూపులేనివారి చేతికి కలమైనదీ అటువంటి వాడి మొనయే.

నేడు పుస్తకం కాగితాన్ని దాటి కంప్యూటరులోనూ చేతిలోని ఫోనులోనూ చేరినది. అంధులకు ఇది గొప్ప వరం. తెరమీది అక్షరాలను స్క్రీన్ రీడర్ అనే సాధనం గట్టిగా చదివి వినిపిస్తుంది. ఆ అక్షరాలనే చిన్న చిన్న సూదులు పైకి లేచే బ్రెయిలీ పట్టీమీద వ్రేలికి అందించవచ్చు. అయితే దానికి ఒక షరతు ఉన్నది. యంత్రానికి అది అక్షరంగా తెలియాలి. 1991లో వెలువడిన యూనీకోడ్ పట్టికలో ప్రతి తెలుగు అక్షరానికీ ఒక స్థానం ఏర్పడినది. ఆ పద్ధతిలో టైపు చేసిన పాఠాన్ని యంత్రం చదువుతుంది. కాని పూర్వపు తెలుగు అక్షరరూపాలు అనేకం ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలను కూర్చినవి. అవి కంటికి చక్కని తెలుగు. యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు. ఇక పుటను ఫోటో తీసి పంపినపుడు అందులో అక్షరమే ఉండదు. బొమ్మ మాత్రమే ఉంటుంది. ఆయుయీనాటి ఉబ్బెత్తు అక్షరాల లోపమే మరల వేషం మార్చి వచ్చినది. కంటికి అందంగా ఉన్నది కనుక అందరికీ అందుతుందని అనుకోవడమే ఆ లోపం.

చట్టం ఈ విషయంలో వెనుకబడలేదు. 2012లో సవరించిన గ్రంథస్వామ్య చట్టం, పుస్తకాలను వికలాంగులు చదువగల రూపంలోకి మార్చుకోవడానికి వీలు కల్పించినది. ఇదే ఉద్దేశంతో 2013లో మరకేష్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఒడంబడికను 2014లో అన్ని దేశాలకంటె ముందుగా ధ్రువీకరించినది భారతదేశమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం వారికి అందే రూపంలో ఉండవలెనని ఆదేశిస్తున్నది. కాని చట్టం వ్రాసిన మాట బడిగదిలో పాఠంగా మారవలసినది ఉపాధ్యాయుని చేతిలోనే. ప్రశ్నపత్రాన్ని ఫోటోగా పంపక యూనీకోడ్‌లో టైపు చేయడం, పటం ఇచ్చినచోట అందులో ఏమున్నదో నాలుగు మాటలలో వ్రాయడం, శీర్షికను శీర్షికగా గుర్తించి ఉంచడం, నల్లబల్లపై వ్రాసేదానిని నోటితో చెబుతూ వ్రాయడం, ఇవి ఖర్చులేని పనులు. వీటివల్ల ఒక్క బిడ్డకు తలుపు తెరుచుకొంటే అది చిన్న సంగతి కాదు.

కూప్వ్రే గ్రామంలో ఒక తండ్రి చెక్కకు మేకులు కొట్టాడు. ఒక మతగురువు తన తీరిక వేళను ఇచ్చాడు. ఒక బడిపంతులు అంధబాలునికి తన తరగతిలో చోటు ఇచ్చాడు. ఈ ముగ్గురూ తమ ఊరిలో ఒక్క పిల్లవాని అవసరాన్ని గమనించినవారు; అంతకుమించి గొప్ప పని చేస్తున్నామని వారు అనుకొని ఉండరు. ఆ పిల్లవాడే తరువాత లోకంలోని అంధులందరికీ అక్షరం ప్రసాదించాడు. బియ్యపు పళ్లెం ముందు కూర్చున్న బిడ్డ వ్రేలిని పట్టుకొని దిద్దించే ప్రతి గురువూ ఈ కథను జ్ఞప్తియందుంచుకోదగును. ఆ వ్రేలు అక్కడనే ఆగిపోనక్కరలేదు.